పోటూ పాటూ తెలిసినవాళ్లు

రాజమండ్రికి కాస్త దిగువన, కడియపులంక కాలవగట్ల వెంట ఒక్క పూట తిరిగితే చాలు, ఖండానికో మొక్క ఎదురొస్తుంది. కాగితపు పూలని మనం పిలుచుకునే బోగన్‌విల్లా బ్రెజిల్‌ది. గుడి ముంగిట రాలే దేవగన్నేరు మెక్సికో వైపుది. కుండీలో పొట్ట ఉబ్బించుకుని కూర్చున్న అడీనియం అరేబియా, తూర్పు ఆఫ్రికా ఎండల్లో పెరిగిన జాతి. ఆకుల్ని రెండు వరసల్లో విప్పుకుని నిలబడే రావెనాలా సొంతూరు మడగాస్కర్. దసరాకి గుమ్మాలకు కట్టే బంతిపూలు కూడా అమెరికా ఖండం నుంచి వచ్చినవే. నర్సరీ గట్టు దిగి కోనసీమ తోటల్లోకి వెళ్తే కొబ్బరి నీడన అమెజాన్ అడవుల కోకో కాయలు కాస్తుంటుంది. పాత పశ్చిమ గోదావరి మెట్టలో పశ్చిమ ఆఫ్రికా ఆయిల్ పామ్ గెలలు వేస్తుంటుంది. ఆవకాయకి ప్రాణమైన మిరపకాయ పోర్చుగీసు ఓడలొచ్చే దాకా మన దేశానికి తెలియనే తెలియదు.

వచ్చినవాళ్లందరికీ విస్తరి వేసే ఈ నేల మీద, అసలు ఇక్కడివే అయిన ప్రాణులేవి? పుట్టిన చోటుని బట్టి తేల్చుదామంటే, ఈ నేలే ఇక్కడ పుట్టింది కాదు. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో బయల్దేరిన గోదావరి 1465 కిలోమీటర్ల పొడవునా దక్కన్ పీఠభూమిని అరగదీసి, ఆ ఒండ్రునంతా మోసుకొచ్చి ఇక్కడ దించింది. డెల్టాలో ప్రతి గుప్పెడు మట్టీ వలస వచ్చిందే.

కాబట్టి ఇక్కడ లెక్క తేల్చాల్సింది నీళ్లు. ధవళేశ్వరం దాటాక నది గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. వసిష్ఠలోంచి వైనతేయ విడిపోతుంది. సముద్రం రోజుకి రెండుసార్లు పోటెత్తి ఈ పాయల్లోకి ఎక్కుతుంది, రెండుసార్లు పాటై దిగిపోతుంది. ఇది రోజువారీ లెక్క. దీని మీద ఏడాది లెక్క ఇంకొకటి నడుస్తుంటుంది. శ్రావణంలో వరద వచ్చి, పాయలు సముద్రంలో కలిసే మొగల దాకా తీపి నీళ్లు నింపేస్తుంది. వైశాఖం నాటికి నది సన్నబడి, ఉప్పు మైళ్ల దూరం ఎగువకి పాకుతుంది. ఒకే చోట నిలబడిన చెట్టు శ్రావణంలో నదిలో ఉంటుంది, వైశాఖంలో సముద్రంలో ఉంటుంది. ఈ రెండు లెక్కలూ ఒంటికి పట్టిన ప్రాణే గోదారి మొగది.

ఊపిరి పీల్చే వేళ్లు

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో చొల్లంగి దాటగానే ఎడమ పక్కన పచ్చదనం రంగు మారుతుంది. వరి పచ్చ, కొబ్బరి పచ్చ పోయి, బూడిద కలిసిన ముదురు పచ్చ మొదలవుతుంది. అదే కోరంగి మడ అడవి. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ 235 చదరపు కిలోమీటర్ల బురద నేల, దేశంలోని పెద్ద మడ అడవుల్లో ఒకటి.

వేసవిలో తెల్లమడ ఆకుని వేలితో రాసి చూడండి. సన్నటి గరుకు తగులుతుంది. వేలు నాలిక్కి ఆనిస్తే ఉప్పు. వేళ్ల నుంచి ఒంట్లోకి చొరబడ్డ ఉప్పుని ఆకుల్లోని గ్రంథులతో బయటికి చెమర్చేస్తుందీ చెట్టు. నీటి బొట్టు ఎండకి ఆరిపోతుంది, ఉప్పు పలుకు ఆకు మీద మిగులుతుంది, వానకో మంచుకో కడుక్కుపోతుంది. పక్కనే నిలబడ్డ ఉప్పుపొన్నది మరో పద్ధతి. దాని వేళ్లు నీటిని పీల్చేటప్పుడే ఉప్పులో అధిక భాగాన్ని గుమ్మం బయటే ఆపేస్తాయి. ఒకే కష్టానికి ఒకే బురదలో రెండు ఉపాయాలు.

ఉప్పు కన్నా పెద్ద కష్టం ఊపిరి. ఎప్పుడూ నానుతూ ఉండే ఈ బురదలో వేలెడు లోతు దిగితే ప్రాణవాయువు ఉండదు. తవ్వితే నల్లటి మట్టి, కుళ్లిన గుడ్డు వాసన. మామూలు చెట్టు వేళ్లు ఇక్కడ నాలుగు రోజుల్లో ఉక్కిరిబిక్కిరై చస్తాయి. మడ చెట్టు మాత్రం భూమిలో అడ్డంగా పరిచిన వేళ్ల నుంచి పైకి పిలకలు వేస్తుంది. పాటు సమయంలో నీళ్లు దిగాక చూస్తే ఒక్కో చెట్టు చుట్టూ వందలాది పుల్లలు బురదలోంచి ఆకాశం వైపు నిక్కి ఉంటాయి. అవే శ్వాస వేళ్లు. వాటి ఒంటి నిండా కంటికి కనిపించీ కనిపించని రంధ్రాలు. నీళ్లు దిగిన కొన్ని గంటల్లోనే గాలి పీల్చుకుని దాచుకోవాలి. మళ్లీ పోటు ఎక్కిందంటే ఆ రంధ్రాలు మునిగిపోతాయి, మళ్లీ పాటు వచ్చే దాకా లోపల దాచుకున్న గాలితోనే గడపాలి. ఈ అడవి ఉచ్ఛ్వాస నిశ్వాసాలు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి.

ఇక పిల్లల్ని కనడం. గింజ రాల్చితే పోటుకి కొట్టుకుపోతుంది, ఉప్పుకి మాడిపోతుంది. అందుకని ఉప్పుపొన్న తన గింజని చెట్టు మీదే మొలకెత్తిస్తుంది. కాయని చీల్చుకుని బయటికొచ్చిన మొలక మూరెడు పొడవు పచ్చటి కడ్డీ అయ్యేదాకా కొమ్మకే వేలాడుతుంది, తల్లి చెట్టు ఆహారమే తింటుంది. అదను వచ్చాక మొన కిందికి పెట్టి జారుతుంది. అది పాటు వేళ అయితే బురదలో నిటారుగా గుచ్చుకుని అక్కడే వేళ్లూనవచ్చు. పోటు వేళ అయితే నీళ్ల మీద తేలుతూ వారాలు, నెలలు ప్రయాణం చేసి మరో బురద గట్టు చూసుకుంటుంది.

ఈ అడవిలో చేయి పెట్టకూడని చెట్టూ ఒకటుంది. అది తిల్ల. ముదిరిన ఆకులు రాలే ముందు ఎర్రబడి అందంగా ఉంటాయి. కొమ్మ విరిస్తే కారే తెల్లటి పాలు కంట్లో పడితే మాత్రం కొంతకాలం చూపే పోతుంది. కట్టె కొట్టేవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు.

ఎదురీదే చేప, దిగివెళ్లే రొయ్య

గోదావరి జిల్లాల్లో ఆషాఢం పోతూ పోతూ ఎర్రనీటిని తెస్తుంది. మహారాష్ట్ర, తెలంగాణ కొండల మట్టిని కలుపుకుని వచ్చిన ఆ కొత్త నీరు సముద్రంలో కలిసే చోట ఒక చేప జాతికి కబురందుతుంది. సముద్రంలో ఉన్నంత సేపూ విలస. మొగ దాటి వరదకి ఎదురెక్కితే పులస. పుస్తెలమ్ముకునైనా తినాలని సామెత పుట్టించిన చేప ఇదే.

వంటింట్లో మనం చూసే అద్భుతం కన్నా నీటిలో జరిగేది పెద్దది. సముద్రంలో చేప చుట్టూ ఉన్న ఉప్పు దాని ఒంట్లోని నీటిని లాగేస్తూ ఉంటుంది. అందుకే అక్కడ అది ఎడతెరిపి లేకుండా ఉప్పునీరు తాగుతుంది, ఎక్కువైన ఉప్పుని మొప్పల గుండా బయటికి తోసేస్తుంది. నదిలోకి వచ్చిన మరుక్షణం వ్యవహారం తలకిందులు. ఇప్పుడు బయటి మంచినీరే ఒంట్లోకి చొరబడుతుంది. నీళ్లు తాగడం మానెయ్యాలి, చొరబడ్డ నీటిని పలచటి మూత్రంగా వదిలెయ్యాలి, నిన్నటిదాకా ఉప్పుని బయటికి తోసిన మొప్పలే ఇప్పుడు నదిలో ఉన్న కాస్త ఉప్పునీ లోపలికి లాక్కోవాలి. మామూలు చెరువు చేపని సముద్రంలో వేసినా, సముద్రపు చేపని చెరువులో వేసినా బతకదు. పులస ఈ మార్పుని ఈదుతూ ఈదుతూనే చేసుకుంటుంది. పైన మంచినీటిలో లక్షల గుడ్లు వదులుతుంది. పిల్లలు నదిలో కొన్ని నెలలు పెరిగి మళ్లీ ఉప్పునీటి దారి పడతాయి.

బెంగాల్‌లో ఇలిష్‌గా, బంగ్లాదేశ్‌లో జాతీయ చేపగా మన్నన పొందేదీ ఈ జాతే. ఆ నదుల మీదా, మన నది మీదా కట్టలు దానికి హద్దు గీశాయి. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ మొదలయ్యాక ఎగువ ఊళ్లలో ఆ చేప దాదాపు కథగా మిగిలింది. మన దగ్గర ఆ హద్దు పాతది. సర్ ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ముగించిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని స్థానంలో తర్వాత వచ్చిన బ్యారేజీ. లక్షల ఎకరాలకి అన్నం పెట్టిన ఆ గోడ దిగువనే, మొగల నుంచి ధవళేశ్వరం దాకా ఉన్న నీటిలోనే, పులసల వేట అంతా.

ఇదే నీటిలో సరిగ్గా పులసకి ఎదురు దారిలో నడిచే ప్రాణి ఇంకొకటుంది. అది నీలకంఠ రొయ్య. మగదానికి నీలిరంగు పొడుగు కాళ్లు ఉంటాయి. పెరగడం, తినడం, పోట్లాడుకోవడం అన్నీ మంచినీటిలోనే. ఆడది పొట్ట కింద గుడ్లు మోసుకుంటూ మాత్రం వరదతో పాటు మొగ వైపు దిగుతుంది. ఉప్పూ తీపీ కలిసిన నీరు తగిలితేనే దాని పిల్లలు బతుకుతాయి. అక్కడ దశలు దశలుగా రూపం మార్చుకుని, చివరికి రొయ్య ఆకారం వచ్చాక, గోటిలో సగం కూడా లేని ఆ పిల్లలు ప్రవాహానికి ఎదురుగా ఒడ్డు వెంట పైకి పాకుతాయి. ఈ గుట్టు శాస్త్రానికి తెలిసింది 1960ల మొదట్లో. మలేషియాలోని పెనాంగ్‌లో షావో వెన్ లింగ్ అనే శాస్త్రవేత్త మంచినీటిలో పిల్లలన్నీ చచ్చిపోవడం చూసి, ఉప్పు కలిపితే అవి బతుకుతాయని కనిపెట్టారు. ఆ తర్వాతే ప్రపంచమంతా వాటి పెంపకం సాగింది. గోదారి రొయ్యకి ఆ సంగతి ఏనాటి నుంచో తెలుసు.

చేప తీపి కోసం పైకి, రొయ్య ఉప్పు కోసం కిందికి. రెంటికీ మొగ తెరిచి ఉండాలి, రెంటికీ వరద రావాలి.

బురద మీద బతుకులు

నీళ్లు దిగిన కోరంగి బురద మీద కాసేపు కదలకుండా కూర్చోగలిగితే అసలు సందడి మొదలవుతుంది. బొరియల్లోంచి చిన్న చిన్న పీతలు బయటికొస్తాయి. మగపీతకి ముందుకాళ్లలో ఒకటి ఒళ్లంత పెద్దది. దాన్ని పైకెత్తి ఊపుతూ ఆడపీతల్ని పిలుస్తుంది, పక్క మగపీతల్ని బెదిరిస్తుంది. తినడానికి మాత్రం ఆ కాలు పనికిరాదు. రెండో చిన్న కాలితోనే బురద తీసుకుని నోట్లో పెట్టుకుని, అందులోని సూక్ష్మజీవుల్ని తినేసి, మిగిలిన మట్టిని ఉండ చేసి పక్కన పడేస్తుంది.

వాటి మధ్యలో చేప ఒకటి గెంతుతుంది. నీళ్లలో కాదు, బురద మీద. మడ్‌స్కిప్పర్ అని దాని పేరు. మొప్పల గదుల్లో నీళ్లు నింపుకుని బయటికొచ్చి, తడిసిన చర్మంతోనూ గాలి పీలుస్తూ, ముందు రెక్కల్ని చేతుల్లా ఊతం చేసుకుని నడుస్తుంది. కళ్లు నడినెత్తిన. ఒళ్లు ఆరిపోతుంటే బురదగుంటలో ఒక పొర్లు పొర్లి మళ్లీ లేస్తుంది. పోటు ఎక్కగానే కొన్ని జాతులు బొరియలో దూరతాయి, కొన్ని వేళ్లు పట్టుకుని పైకెక్కుతాయి.

చీకటి పడ్డాక ఈ బురదకి యజమాని మారతాడు. పిల్లికి నీళ్లంటే గిట్టదన్న మాట బావురుపిల్లి విషయంలో చెల్లదు. ఇంటి పిల్లికి రెండింతలుండే ఈ జంతువు కాలవ గట్టున గంటల తరబడి ఒంగి కూర్చుంటుంది. నీటి మీద పాదంతో సుతారంగా తడుతుంది. చేప కదిలిందా, తలతో సహా మునిగి పట్టుకుంటుంది. వేళ్ల మధ్య సన్నటి పొర, పూర్తిగా లోపలికి ముడుచుకోని గోళ్లు, చర్మానికి తడి తగలనివ్వని దట్టమైన లోపలి బొచ్చు, ఈతకి చుక్కానిగా పనికొచ్చే పొట్టి తోక దానికి దక్కిన సరంజామా. దక్షిణ, ఆగ్నేయాసియా చిత్తడి నేలలు తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా దీనికి ఇల్లు లేదు. చిత్తడి నేలలు చెరువులైన కొద్దీ ఇది మాయమవుతోంది. దేశంలో బావురుపిల్లికి మిగిలిన గట్టి ఆసరాల్లో కోరంగి ఒకటి. అదే కాలవల్లో నీరుకుక్కలు కుటుంబాలుగా తిరుగుతూ చేపల్ని చుట్టుముట్టి పడతాయి. ఒక్కోసారి జాలర్ల వలల్లోని చేపల్నీ వదలవు.

వేళకి వచ్చే చుట్టాలు

కాకినాడకి ఎదురుగా, గోదారి ఇసుక పేరుకుని గత రెండు వందల ఏళ్లలో ఏర్పడిన హోప్ ఐలాండ్ ఉంది. సుమారు 16 కిలోమీటర్ల పొడవున్న ఈ ఇసుక కట్ట తుపాను అలల్ని ముందుగా తన మీదికి తీసుకుంటుంది. అలల దెబ్బ ఎంతటిదో ఒకప్పుడు రేవు పట్నమైన కోరంగి ఊరికి తెలుసు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన ఆ రేవు పట్నాన్ని మళ్లీ లేవనివ్వలేదు.

ఈ ఇసుక మీదికి, ఇంకా దక్షిణాన శాక్రమెంటో లంక మీదికి, చలికాలం చివర రాత్రిళ్లు ఆలివ్ రిడ్లే తాబేళ్లు పాక్కుంటూ వస్తాయి. వెనక కాళ్లతో కుండ ఆకారంలో గుంట తవ్వి, నూరు పైచిలుకు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒళ్లంతా ఊపుతూ దాన్ని గట్టిపరిచి, తిరిగి చూడకుండా సముద్రంలోకి వెళ్లిపోతాయి. ఒడిశా గహీర్‌మఠాలో ఇవే వేలకి వేలు ఒకే రాత్రి ఒడ్డెక్కుతాయి, మన దగ్గర ఒక్కొక్కటిగా వస్తాయి. పొదిగేది సూర్యుడే. ఇసుక వెచ్చదనాన్ని బట్టి ఆడా మగా తేలుతుంది. వేడెక్కువైతే ఆడపిల్లలు. నెలన్నర, రెండు నెలలకి బయటపడ్డ పిల్లలు వెలుగున్న వైపు పరిగెడతాయి. చీకటి ఒడ్డున ఆ వెలుగు సముద్రం మీదిది. ఒడ్డున దీపాలుంటే దారి తప్పి ఊరి వైపు పోతాయి. బతికి పెద్దవైన ఆడతాబేళ్లు ఏళ్ల తర్వాత మళ్లీ ఈ తీరం వైపే గుడ్లకి వస్తాయి.

చలికాలంలోనే కాకినాడ కుంభాభిషేకం రేవు దగ్గర బురద మేటల మీద ఒక విచిత్రమైన పక్షి గుంపులుగా దిగుతుంది. నల్లటి రెక్కలు, నారింజ రంగు ముక్కు. ఆ ముక్కులో కింది సగం పై సగం కన్నా పొడుగు. నీటికి ఆనీ ఆననట్టు ఎగురుతూ, కింది ముక్కుతో నీటిని గీసుకుంటూ పోతుంది, చేప తగలగానే టక్కున మూస్తుంది. ఇండియన్ స్కిమ్మర్ ఇది. చంబల్, మహానది ఇసుక దిబ్బల మీద పిల్లల్ని చేసి చలికి మన తీరం చేరుతుంది. ప్రపంచం మొత్తం మీద కొన్ని వేలే మిగిలాయి.

చుట్టాల కథలన్నీ సుఖాంతం కావు. 1946లో కె.కె. నీలకంఠన్ అనే కేరళ పక్షి పరిశీలకుడు పశ్చిమ గోదావరిలోని ఆరేడు గ్రామంలో, ఊరి చెట్ల మీదే గూళ్లు కట్టుకున్న గూడబాతుల పెద్ద కాలనీని చూసి లోకానికి చెప్పారు. తర్వాతి దశాబ్దాల్లో ఆ పక్షులు ఊరొదిలి వెళ్లిపోయాయి. ఇవాళ వాటిని చూడాలంటే కొల్లేరు ఒడ్డున ఆటపాక వెళ్లాలి. అక్కడ చెట్లు చాలక అటవీ శాఖ పెట్టిన ఇనుప స్టాండ్ల మీద కూడా గూళ్లు కడుతున్నాయి. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. దాని మంచినీరు సముద్రాన్ని కలిసేది ఉప్పుటేరు ఒక్కదాని గుండానే.

లెక్క తెలియని వలస

మొదట చెప్పుకున్న కోకో, బంతి, బోగన్‌విల్లా మనం నీళ్లు పోస్తే బతుకుతాయి, మానేస్తే పోతాయి. పెద్ద పేచీ పెట్టవు. గుర్రపుడెక్క అలాంటిది కాదు. అమెజాన్ పరీవాహకం నుంచి పందొమ్మిదో శతాబ్దం చివర ఊదారంగు పూల అందం చూసి బెంగాల్‌కి తెచ్చుకున్న ఈ మొక్క, డెల్టా కాలవలకీ కొల్లేటికీ ఎక్కిన తెగులు. అనుకూలిస్తే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. కింద నీటికి ఎండ తగలదు, గాలి ఆడదు, చేప బతకదు. వరదకి తెప్పలు తెప్పలుగా పాయల్లోకి కొట్టుకొస్తుంది. అయితే మొగ దగ్గర ఉప్పు తగలగానే ఆకులు మాడి కుళ్లిపోతుంది. మంచినీటి కాలవని ఏలిన మొక్క పోటు నీటి ముందు ఓడిపోతుంది.

చెరువుల్లో కథ ఇంకోలా ఉంది. టైగర్ రొయ్య మన తీరానిదే. తెల్లమచ్చ రోగంతో దాని సాగు దెబ్బతిన్నాక, 2009లో అనుమతి పొందిన వనామి రొయ్య చెరువుల్ని ఆక్రమించింది. దాని సొంత తీరం మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ ఒడ్డు. రైతుకి రాబడి ఇచ్చింది, కాదనలేం. కానీ చెరువులో ఉప్పు మోతాదు మనిషి చేతిలో ఉంటుంది, ఏరేటర్ తిరిగితే గాలి ఉంటుంది. పోటూ పాటూ తెలియాల్సిన పని ఆ రొయ్యకి లేదు.

శివారు ఆయకట్టు

ప్రతి వానాకాలం వార్తల్లో ఒక మాట వింటాం: ఇన్ని వేల టీఎంసీల గోదావరి నీరు వృథాగా సముద్రం పాలైందని. పైన చెప్పుకున్న ఏ ప్రాణి వైపు నుంచి చూసినా ఆ మాట నిలవదు. విలసకి మొగ దగ్గర కబురందించేది ఆ నీరే. నీలకంఠ రొయ్యని కిందికి మోసుకెళ్లేది ఆ నీరే. ఏడాదికోసారి మడ చెట్ల మొదళ్లలో ఉప్పు తీవ్రతని తగ్గించేదీ, తాబేలు గుడ్లు పెట్టే ఇసుకని తెచ్చి పోసేదీ, కాకినాడకి అడ్డుగా నిలిచిన ఇసుక కట్టని మేపేదీ అదే. ఎగువ డ్యాముల వెనక ఒండ్రు ఆగిపోవడంతో డెల్టా అంచు చాలాచోట్ల కోతకి గురవుతోంది. వేసవిలో ధవళేశ్వరం తలుపులు దించాక పాయల్లోకి దిగే తీపి నీరు నామమాత్రం.

గోదావరి రైతుకి ఈ న్యాయం కొత్తగా చెప్పక్కర్లేదు. కాలవ ఎగువన తూములు విచ్చలవిడిగా తెరిస్తే శివారు ఆయకట్టు ఎండుతుంది, అప్పుడు శివారు రైతులు కాలవగట్టు మీద ధర్నాకి కూర్చుంటారు, అధికారులు వంతులు వేస్తారు. ఈ నదికంతటికీ చిట్టచివరి శివారు మొగ. అక్కడి ఆయకట్టుదారులు మడ చెట్లు, పులసలు, బావురుపిల్లులు. వాళ్లు ధర్నా చెయ్యరు. నీటి పంపకాల కాగితం మీద వాళ్ల వంతు మనమే రాయాలి, వేసవిలో కూడా.